చెఱకు దీవిలో బ్రతుకు: లాభమెవరిది, నష్టమెవరిది?

కాకినాడకు దక్షిణమున, గోదావరి పాయ సముద్రమును చేరు తావున, కోరంగి యను ఊరొకటి కలదు. నేడు దానిని చూడబోవువారు మడ అడవులను, నీటిపక్షులను చూచి వత్తురు. రెండువందల యేండ్ల క్రిందట అచ్చట ఓడలు కట్టెడివారు. అచ్చటినుండి సరకులును మనుష్యులును సముద్రము మీదుగా దూరదేశములకు పోయెడివారు. ఆ రేవు పూడిపోయినది. పేరు మాత్రము సముద్రము దాటిపోయి నిలిచినది. హిందూ మహాసముద్రమునందలి మారిషస్ ద్వీపములో తెలుగువారిని చాలకాలము ‘కోరంగివారు’ అని పిలిచిరి. విశాఖపట్టణపు వాడైనను, గంజాము వాడైనను, వాని సొంత ఊరిని అడిగినవారు లేరు. ఓడ యెక్కిన రేవే వాని జాతికి పేరయ్యెను.

ఉష్ణమండలపు దీవిలో కాపురముండి పనిచేయుట మేలా, కీడా అని యడుగువారు నేడు పెక్కురు. చలిబాధ లేదు, సముద్రపు గాలి కలదు, జీవనము తొందరలేక సాగును అని యొకరందురు. తుపానులు వచ్చును, ప్రతి సరకును ఓడమీద రావలయును, ఉద్యోగములు కొన్నియే యని వేఱొకరందురు. రెండును నిజమే. అయితే యీ లెక్క వేయువారు తమంతట తాము పోయి, నచ్చకున్నచో తిరిగి రాగలవారు. తిరిగి రాలేనివారి లెక్క యెట్లుండును? మారిషస్ చరిత్రయందు ఆ ప్రశ్నకు జవాబు దొరకును. ఆ చరిత్రలో మనవారికిని పాలు కలదు గనుక దానిని గూర్చి కొంత ముచ్చటింతము.

ముందుగా ఆ దీవి స్వరూపమును చూతము. మడగాస్కరుకు తూర్పున సుమారు 800 కిలోమీటర్ల దూరమున, భూమధ్యరేఖకు దక్షిణముగా ఇరువదవ అక్షాంశము దాపున అది యున్నది. వైశాల్యము 1,865 చదరపు కిలోమీటర్లు. కాలినడకన పోవువాడు రెండు మూడు దినములలో ఒక కొననుండి మఱియొక కొనకు చేరగలడు. అగ్నిపర్వతము కక్కిన నల్లఱాతితో ఏర్పడిన నేల యది. చుట్టును పగడపు దిబ్బలు కెరటముల పోటును ఆపుచుండును. నడుమనున్న పీఠభూమి చల్లనిది. అడవులలో పులులు లేవు. ప్రాణము తీయు విషసర్పములు లేవు. అన్నింటికంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు. అచ్చట ఆదిమవాసులు లేరు. అచ్చట బ్రతికినవారందరును ఏదో యొకనాడు ఓడ దిగినవారు, లేదా వారి సంతతివారు. “ఇది మా తాతముత్తాతల నేల, మీరు నడుమ వచ్చినవారు” అని మొదటినుండియు ఉన్నవానివలె పలుకగల హక్కు అచ్చట ఎవరికిని లేదు. ఈ మాట మనకు ముందు అక్కఱకు వచ్చును.

ఆ దీవి లాభనష్టములను మొదట లెక్కించినవారు డచ్చివారు. వారు 1598లో అచ్చట దిగి, తమ రాజ్యాధిపతియగు మారిస్ పేర దానికి మారిషస్ అని పేరు పెట్టిరి. 1638లో కాపురమునకు వచ్చిరి. నల్లచేవ చెట్లను నఱికి ఓడల కెక్కించిరి. జావానుండి జింకలను, చెఱకును తెచ్చిరి. వారి ఓడలతో ఎలుకలును వచ్చెను. ఎగురలేని డోడో యను పక్షి, మనుష్యుని చూచి బెదరుట నేర్వనిది, ఆ శతాబ్దము ముగియునప్పటికి భూమిమీద లేకుండపోయెను. తుపానులు, ఎలుకలు, కఱవు వారిని విసిగించెను. 1658లో విడిచిపోయిరి, 1664లో మరల వచ్చిరి, 1710లో పూర్తిగా వెడలిపోయిరి. వారి లెక్కలో నష్టమే యెక్కువగా తేలెను. కాని నష్టము తేలిననాడు లెక్కపుస్తకము మూసి ఓడ యెక్కుటకు వారికి స్వేచ్ఛ యుండెను.

1715లో ఫ్రెంచివారు ఆ దీవిని వశపఱచుకొనిరి. 1735లో గవర్నరుగా వచ్చిన లా బూర్డొనే పోర్ట్ లూయీ రేవును పట్టణముగా తీర్చెను. ఆ పనికి మడగాస్కరునుండి, ఆఫ్రికా తూర్పుతీరమునుండి తెచ్చిన బానిసలు ఱాళ్ళు మోసిరి. పుదుచ్చేరి ప్రాంతపు పనివారును కొందరు పోయిరి. 1810లో ఇంగ్లీషువారు దీవిని గెలిచిరి. 1825లో మారిషస్ పంచదారకు ఇంగ్లండులో సుంకము తగ్గి వెస్టిండీసు పంచదారతో సమానమగుటచే, నేలయంతయు చెఱకుతోట కాసాగెను. పదేండ్లకు, 1835 ఫిబ్రవరి 1వ తేదీన, బానిసత్వము రద్దయ్యెను. అరువదివేలకు పైబడిన బానిసల విడుదలకై బ్రిటిషు ప్రభుత్వము 20 లక్షల పౌండ్లకు మించిన పరిహారము చెల్లించెను. ఆ సొమ్ము బానిసలకు గాదు, వారి యజమానులకు చేరెను. విడుదలయైనవారు తోటలలో నిలువనొల్లరైరి. కొరడా యెఱిగిన నేలను విడిచి దూరముగా పోయి చేపలు పట్టుకొని బ్రతుకుటయే వారికి మేలనిపించెను. ఆ లెక్క యెవరికి అర్థము కాదు?

ఇట్లు కూలీలకు కఱవు వచ్చినప్పుడు తోటల యజమానులు మనదేశమువైపు చూచిరి. 1834 నవంబరు 2వ తేదీన ‘అట్లాస్’ అను ఓడ కలకత్తానుండి 36 మంది కూలీలతో పోర్ట్ లూయీ చేరెను. తరువాతి డెబ్బది ఎనుబది యేండ్లలో సుమారు నాలుగున్నర లక్షలమంది భారతీయులు ఆ రేవున దిగిరి. వారిలో తిరిగి స్వదేశము చూచినవారు సుమారు మూడవ వంతు మాత్రమే. అధికసంఖ్యాకులు బీహారు, భోజపురీ సీమలవారు, తరువాత తమిళులు, పిమ్మట తెలుగువారు, మరాఠీలు.

మనవారు ఏల పోయిరి? 1832-33లో నందన సంవత్సరపు కఱవు గుంటూరు మండలమును పాడుచేసెను. 1839 నవంబరులో సముద్రము పొంగి కోరంగిని ముంచివేసెను. ఓడలును మనుష్యులును కొట్టుకొనిపోయిరి. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో గాని పూర్తికాలేదు. అందాక గోదావరి నీరు సముద్రము పాలగుచుండగా గట్టునున్న చేను ఎండుచుండెను. మిల్లుబట్ట వచ్చి నేతగాని మగ్గమును మూలబెట్టెను. ఇట్టి సమయమున ఊరిలోనికి మేస్త్రీ యొకడు వచ్చి, నెలకు ఐదు రూపాయల జీతము, బియ్యము, పప్పు, ఉప్పు, కట్టుబట్ట, ఓడఖర్చు, జబ్బు చేసినచో వైద్యము అని చెప్పినప్పుడు దానిని కాదనుటకు వానియొద్ద ఏమున్నది? పాలేరుతనమునకు గింజలు తప్ప నాణెము చూడనివానికి ఐదు రూపాయలు చిన్న మొత్తము గాదు. అచ్చట ఱాయి ఎత్తిచూచినచో బంగారము దొరకునని ఆశపెట్టి తెచ్చిరని ఆ దీవిలో నేటికిని కథగా చెప్పుకొందురు. ఱాళ్ళు ఎత్తిన మాట మాత్రము నిజము. చెఱకు చేలలో నడుమ నడుమ నల్లఱాళ్ళ గుట్టలు గోపురములవలె పేర్చి యుండుట ప్రయాణికులు నేడును చూడవచ్చును. ఆ నేలను సాగుకు తెచ్చుటకై కూలీలు చేతులతో ఏఱి పోసిన ఱాళ్ళవి.

ఒప్పందముపై వ్రాసినది ఒకటి, జరిగినది మఱియొకటి. తెల్లవాఱకమునుపే గంట మ్రోగును. సర్దారు హాజరు పిలుచును. ఒకరోజు పనికి రాకున్నచో రెండురోజుల కూలి కోసెడివారు. దీనిని ‘రెట్టింపు కోత’ యనిరి. నెలలో కొన్నిదినములు పడకనున్నవానికి జీతము మాట దేవుడెఱుగు, అప్పే మిగులును. జీతము నెలల తరబడి బాకీయుంచిన తోటలును కలవు; చేతిలో పైకము లేనివాడు తోట విడిచిపోడని వారి నమ్మకము. ఈ అన్యాయములు ఇక్కడికిని వినవచ్చుటచే 1839లో ప్రభుత్వము వలసను నిలిపెను. పంచదార వర్తకుల ఒత్తిడిచే 1842లో మరల సమ్మతించెను.

ఇచ్చటనే దీవి యొక్క గుణమును మనము గమనింపవలయును. మన పల్లెలో యజమాని క్రూరుడైనచో పాలేరు రాత్రికి రాత్రి ఏఱు దాటి వేఱొక ఊరిలో బ్రతుకగలడు. దీవిలో ఎక్కడికి పోవును? బానిసల కాలమున పాఱిపోయినవారు నైరృతి మూలనున్న లె మోర్న్ కొండమీదికెక్కి దాగుకొనిరి. దానికి ఆవల సముద్రమే. ఒప్పందపు కూలీలకు ఆ కొండయు లేదు. ఉచితముగా స్వదేశమునకు తిరిగి పంపెదమన్న షరతును 1850 దశకమున తీసివేసిరి. ఒప్పందము తీరినవాడైనను స్వేచ్ఛగా తిరుగుటకు వీలులేదు. 1867నాటి శాసనము ప్రకారము వాడు తన ఛాయాచిత్రము అంటించిన చీటిని, పోలీసువారి అనుమతిని ఎల్లవేళల దగ్గఱ నుంచుకొనవలయును. లేకున్నచో దేశద్రిమ్మరి యని పట్టి శిక్షింతురు. ప్రపంచమున మహారాజులును జమీందారులును ముచ్చటపడి ఛాయాచిత్రము తీయించుకొనుచున్న కాలమున, ఆ దీవిలో కూలివాడు పాఱిపోకుండుటకై కెమెరా ముందు నిలువవలసివచ్చెను. సముద్రమే ప్రహరి, చీటియే తలుపు గడియ.

ఈ దుస్థితిని బయటపెట్టుటలో అడాల్ఫ్ డి ప్లెవిట్జ్ అను ఐరోపీయుని పేరు స్మరణీయము. అతడును ఒక తోటను నడుపుచుండినవాడే. 1871లో 9,401 మంది పాత కూలీల చేవ్రాళ్ళతో, వ్రేలిముద్రలవంటి గుర్తులతో ఒక విజ్ఞాపన సిద్ధపఱచి గవర్నరు కందజేసెను. యజమానులు అతనిని దీవినుండి వెడలగొట్టవలెనని కోరిరి; అతనిని వీధిలో కొట్టిరి కూడ. కాని 1872లో రాజసంఘము విచారణకు వచ్చెను. 1875లో ఆ సంఘము నివేదిక వెలువడెను. 1878లో శాసనము కొంత సడలెను. ఆ 9,401 మందిలో అనేకులకు చదువు రాదు. తమ పేరు పెట్టుటచే కలుగు ముప్పు మాత్రము వారికి తెలియును. తెలిసియు పెట్టిరి.

ఇక ఆరోగ్యము మాట. 1860కి ముందు మారిషస్ ఆరోగ్యప్రదమైన చోటని పేరు. మనదేశమునుండి ఇంగ్లీషు దొరలు జబ్బుపడి అచ్చటికి గాలిమార్పునకు పోయెడివారు. చెఱకుకొఱకు అడవులు నఱుకుట, ఓడలవెంట క్రొత్తరకపు దోమలు వచ్చుట, రెండును కలిసి 1866-68లో మలేరియాగా విరుచుకొనిపడెను. 1867లో ఒక్క యేటనే దీవి జనములో దాదాపు పదింట ఒకవంతు నశించిరి. అప్పుడు కలిగినవారు ఏమి చేసిరి? రేవుపట్టణమును విడిచి చల్లని పీఠభూమి యెక్కి క్యూర్‌పీప్ అను ఊరిలో మేడలు కట్టుకొనిరి. చెఱకు పల్లములోనిది, కూలివాడు చెఱకువెంటనే యుండవలయును. దీవి యొకటే, గాలి యొకటే. కాని జ్వరము ఎవరి యింటికి పోవలయునో జీతపుచీటి నిర్ణయించెను.

ఈ కథకు మన సికిందరాబాదుతో ఒక సంబంధము కలదు. 1897లో రొనాల్డ్ రాస్ దోమకడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టినది అచ్చటనే. పదేండ్లకు, 1907లో, ఆ రాసే మారిషస్ పోయి మూడునెలలుండి, గుంటలు పూడ్చి నీరు పాఱునట్లు చేయుటెట్లో సలహా చెప్పెను. పని నెమ్మదిగా సాగెను. రెండవ ప్రపంచయుద్ధము తరువాత, 1948-49 ప్రాంతమున, డి.డి.టి. చల్లుట మొదలుపెట్టినప్పుడు జ్వరము తోక ముడిచెను. 1973లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆ దీవికి మలేరియా తొలగినదని ప్రకటించెను. 1975 తుపాను పిమ్మట వ్యాధి మరల తలయెత్తినను దానిని అణచివేయగలిగిరి. ఇట్లు చేయగలుగుటకు కారణములలో ఒకటి అది దీవి యగుటయే. ఇరుగుపొరుగు దేశమునుండి గట్టు దాటి దోమ రాదు. రేవును, విమానాశ్రయమును కనిపెట్టి చూచిన చాలును. ఒకనాడు కూలివానిని బంధించిన సముద్రమే, అతని మనుమని కాలమున వ్యాధిని బయట నిలిపిన కోటగోడ యయ్యెను.

తుపానుల సంగతియు ఇట్టిదే. 1892 ఏప్రిల్ 29వ తేదీన వచ్చిన తుపాను వేయిమందికి పైగా ప్రాణములు తీసెను. 1960 ఫిబ్రవరిలో వచ్చిన ‘కారొల్’ గంటకు 250 కిలోమీటర్లకు మించిన వేగముతో వీచి వేలకొలది యిండ్లను నేలమట్టము చేసెను. ఆ దీవిలో చెఱకే ఏకైక పంటగా పాతుకొనుటకు తుపానే ఒక కారణము: గాలికి వంగి మరల లేచు పైరు అది. కాఫీ, లవంగము వంటివి నిలువలేకపోయెను. పూరిపాకలో నున్నవానికి గాలి నేర్పిన పాఠము వేఱు. కారొల్ తరువాత ప్రభుత్వమును, ప్రజలును కాంక్రీటు ఇండ్లు కట్టసాగిరి. నేడు ఆ దీవి ఊళ్ళలో చదునుకప్పుల ఇండ్లు వరుసగా కనబడుటకు ఆ యేటి అనుభవమే ముఖ్యకారణము. 1975లో అంతకంటె తీవ్రముగా గాలి వీచినను ఆ కప్పులే పెక్కుమందిని కాచెను.

లాభము తొలుత ఎచ్చట మొలకెత్తెను? యజమాని నష్టములో. ఐరోపాలో దుంపనుండి పంచదార తీయుట పెరుగుటచే పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున ధర పడిపోయెను. అప్పులపాలైన తోటల యజమానులు 1870 దశకమునుండి తమ అంచు భూములను ముక్కలు చేసి అమ్మసాగిరి. కొన్నవారు ఎవరు? ఒప్పందము తీరి, ఆవును పెంచి పాలమ్మి, పెరటిలో కూరగాయలు పండించి, ఆలుమగలు కలిసి పైసా పైసా కూడబెట్టిన పాత కూలీలు. వాయిదాల మీద ఎకరమో, రెండెకరములో కొనిరి. ఇరువదవ శతాబ్దపు మొదటి దశకములు గడచునప్పటికి చెఱకు భూములలో సుమారు మూడవ వంతు భారతీయ సంతతి చేతిలోనికి వచ్చెను. స్వదేశమున నిలిచియున్నచో తరతరాలకును భూమి కొనజాలని కులములవారు అచ్చట రైతులైరి. ఇది చిన్న లాభము గాదు. అయితే భూమి కొన్నవాడు సాధారణముగా ఓడ దిగినవాడు గాడు. వాని కొడుకో, మనుమడో.

కులము మాట వచ్చినది గనుక ఒక సంగతి. ఓడలో పంక్తిభేదము చెల్లదు. ఒకే కుండలోని అన్నము తినవలయును. తోటలోని వరుస గుడిసెలలో ఎవరి ప్రక్క ఎవరు కాపురముందురో యజమాని నిర్ణయించును. స్త్రీలు తక్కువగుటచే వివాహములలో పట్టింపులు సడలెను. కులము పూర్తిగా పోయినదని చెప్పజాలము గాని, దాని పదును తగ్గెను. ఇది లాభపు పద్దు. భాష మాట యెత్తినచో నష్టపు పద్దు తెఱవవలసియుండును. పది సీమలవారు, ఆఫ్రికా సంతతివారు, ఫ్రెంచివారు కలిసి మాటాడుటకు క్రియోల్ భాషయే సాధనమయ్యెను. తెలుగు ఇంటిలోనుండి పూజాగృహములోనికి, పూజాగృహమునుండి పాఠశాలలోనికి పోయెను. అయినను సింహాద్రి అప్పన్న పేరును వారు మఱువలేదు. రామభజనలు, అమ్మోరి పండుగలు చేసికొనుచు వచ్చిరి. 1947 ప్రాంతమున ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగెను. ఉగాది అచ్చట ప్రభుత్వ సెలవుదినము. మాతృభాష మాటాడుటకు తడబడుచు, పండుగను మాత్రము తప్పక చేయువారిని చూచి మనము నవ్వరాదు. పోగొట్టుకొన్నదాని విలువ వారికి మనకంటె హెచ్చుగా తెలియును.

రాజకీయ స్వేచ్ఛ యొక్కనాడు రాలేదు. 1901లో దక్షిణాఫ్రికానుండి స్వదేశమునకు వచ్చుచు గాంధీజీ ఆ దీవిలో సుమారు మూడువారములు నిలిచి, బిడ్డలను చదివింపుడు, ప్రజాకార్యములలో పాల్గొనుడు అని బోధించెను. 1907లో మణిలాల్ డాక్టర్ అను న్యాయవాది పోయి కూలీల పక్షమున వాదించెను. 1910 నాటికి ఒప్పంద వలస దాదాపు నిలిచిపోయెను. 1937లో చెఱకు ధర విషయమై అలజడి రేగగా యూనియన్ ఫ్లాక్ తోటవద్ద తుపాకి పేలి కూలీలు మరణించిరి. 1943 సెప్టెంబరు 27వ తేదీన బెల్ వ్యూ హారెల్ తోటలో సమ్మెచేసినవారిపై పోలీసులు కాల్చినప్పుడు కూలినవారిలో అంజలయ్ కూపెన్ అను స్త్రీ యొకతె కలదు. ఆమె అప్పుడు గర్భవతి. నేడు ఆమె పేర ఒక పెద్ద క్రీడారంగము కలదు.

1947 నాటి రాజ్యాంగము, దీవిలో వాడుకనున్న ఏ భాషలోనైన కొద్దిపాటి చదువుట వ్రాయుట వచ్చినవారికి ఓటు హక్కు నిచ్చెను. అంతవఱకు గుడిప్రక్కన, చెట్టుక్రింద పిల్లలకు అక్షరములు చెప్పిన సాయంకాలపు బడులు ఒక్కసారి ఓటర్లను తయారుచేయు శాలలయ్యెను. తాతకు చీటి లేకున్న శిక్ష. మనుమడు తన పేరు వ్రాసికొని ప్రభుత్వమును ఎన్నుకొనెను. 1968 మార్చి 12వ తేదీన మారిషస్ స్వతంత్రమయ్యెను. ఆదిమవాసులు లేని దీవి యని మొదట చెప్పితిని. అందరును వచ్చినవారే యగుటచే, ఎవరును ఎవరిని పరాయివారనుట కష్టమయ్యెను. మనవారు వలసపోయిన మఱికొన్ని దేశములలో ఈ అదృష్టము లేకపోయెను.

కష్టములు అంతటితో తీరలేదు. జ్వరము తొలగుటచే జనసంఖ్య త్వరగా పెరిగెను. పంట చూడగా ఒకటే. జేమ్స్ మీడ్ అను అర్థశాస్త్రవేత్త 1961లో ఆ దీవి భవిష్యత్తు దిగులు గొల్పునదని వ్రాసెను. అతడు చెప్పిన ప్రమాదము నిజమైనదే. కాని ప్రజలు దారి వెదకికొనిరి. 1970లో ఎగుమతి పరిశ్రమలకు వసతులు కల్పించిరి. బట్టలుకుట్టు కర్మాగారములు వెలసెను. వేలాది స్త్రీలు మొదటిసారి నెలజీతము తెచ్చిరి. యాత్రికులకై హోటళ్ళు లేచెను. 2005లో బట్టల వర్తకమునకును, 2009లో పంచదారకును ఉన్న ప్రత్యేక సౌకర్యములు పోయినప్పుడు మరల కొత్త దారులు పట్టవలసివచ్చెను. 2020లో ‘వకాషియో’ అను ఓడ ఆగ్నేయతీరమున పగడపు దిబ్బకు తగిలి నూనె కార్చినప్పుడు, చెఱకుపిప్పిని, ఆకును గోనెలలో కుక్కి నూనెను ఆపుటకు జనము తామే తీరమునకు పరుగెత్తిరి. దీవిలో సముద్రము పాడైనచో పోవుటకు వేఱొక తీరము లేదు.

ఈ చరిత్రలో మఱియొక మలుపు మన మనస్సును తాకవలసినది. నేడు ఆ దీవిలోని కర్మాగారములలో పనిచేయుటకు బంగ్లాదేశమునుండి, మడగాస్కరునుండి, మనదేశమునుండియు ఒప్పందముపై పనివారు పోవుచున్నారు. ఒప్పందము, గడువు, బస, తిరుగుప్రయాణము: మాటలన్నియు పాతవే. కాలము మారినది, కొరడా లేదు, న్యాయస్థానములు కలవు. అయినను పూర్వపు ప్రశ్నలు అడుగుట మానరాదు. పాస్‌పోర్టు ఎవరి చేతిలో నున్నది? జబ్బుపడిన దినములకు జీతము కలదా? నచ్చకున్నచో తిరిగిపోవుటకు ఎవరు ఖర్చు పెట్టుకొందురు? మన పల్లెలనుండి గల్ఫు దేశములకు పోవువారికిని ఈ మూడు ప్రశ్నలే ముఖ్యము.

కాగా, ఉష్ణమండల దీవిలో బ్రతుకు మేలా, కీడా? సముద్రము, ఎండ, గాలి యివి తమంతట మేలును గావు, కీడును గావు. వెడలిపోవు స్వేచ్ఛ కలవానికి సముద్రము అందమైనది. లేనివానికి అది గోడ. పైపెచ్చు, మారిషస్‌లో నష్టము భరించినది ఒక తరము, లాభము పొందినది మఱియొక తరము. మనుమని యింటిని చూపి తాత కన్నీటికి జమ వేయుట సరియైన లెక్క గాదు. తాత అప్పు ఇచ్చినట్లు ఎవరును వ్రాసికొనలేదు. ఆయన అనుమతియు అడుగలేదు.

పోర్ట్ లూయీలో కూలీలు దిగిన కట్టడము, 1849లో కట్టినది, నేడు ‘ఆప్రవాసీ ఘాట్’ అను పేర ప్రపంచ వారసత్వ స్థలముగా 2006నుండి గుర్తింపు పొందియున్నది. నవంబరు 2వ తేదీన ఏటేట అచ్చట వారిని తలచుకొందురు. అక్కడికి దూరముగా మోకా అను ఊరిలో మహాత్మాగాంధీ సంస్థయందు ఒప్పందపు కూలీల పాత దస్తావేజులు భద్రపఱచియున్నవి. ఒక్కొక్క మనుష్యునికి ఒక సంఖ్య, వయస్సు, ఊరు, ఓడ పేరు. కొందరికి ఆనాడు పాఱిపోకుండ పట్టుకొనుటకై తీసిన ఛాయాచిత్రమును కలదు. నేడు వారి మునిమనుమలు అచ్చటికి పోయి, ఆ సంఖ్యనుబట్టి ఆ చిత్రమును వెదకించుకొని, నకలు తీయించుకొని ఇంటికి తీసికొనిపోవుదురు. బంధించుటకు తీసిన బొమ్మ పూజాగదిలో దేవుని పటము ప్రక్కన చేరును. అందులోని ముఖము చిరునవ్వు నవ్వదు. కెమెరావైపు సూటిగా చూచుచుండును. ఆ దీవి లాభనష్టముల లెక్క అడుగదలచినవారు ముందుగా ఆ ముఖమును అడుగవలయును.